చెవితో కొన్న కంప్యూటర్

నేను పాటల పని మానేశానని, ఇన్నేళ్ళుగా పోగుచేసిన క్యాసెట్లన్నీ విశాఖపట్నంలోని ఒక స్టూడియో యజమానికి అప్పగించి, పార్వతీపురంలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతున్నానని అరకు సంతలో చెప్పుకుంటున్నారట. ఈ మాట నాకు మొదట అల్లం అమ్మే ఆవిడ చెప్పింది. తరువాత పోస్ట్‌మాన్ చెప్పాడు. చివరికి తమ్ముడే ఫోన్ చేసి, మేడ మీది గదికి సున్నం వేయించమంటావా అని అడిగాడు. అక్కరలేదని చెప్పాను. ఈ వదంతిలో నిజం ఒక్కటే ఉంది. మా వీధి చివర రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ గారు పోయిన నెల కన్నుమూశారు. ఆయన లేకుండా నా పని సాగదని జనం తీర్మానించుకున్నారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు.

వార్త వచ్చిన ఉదయం నేను ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. ఏడున్నరకు వస్తానన్న మనిషి ఎనిమిదైనా రాలేదు. మంచు ఇంకా విడలేదు. గేటు చప్పుడైతే ఆయనే అనుకుని, తలెత్తకుండానే "అరగంట ఆలస్యం" అన్నాను. వచ్చింది ఆయన పక్క కొట్టు దర్జీ. "మెకానిక్ గారు తెల్లారగట్ల నిద్దర్లోనే పోనారమ్మా" అని చెప్పి, నా చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూస్తూ నిలబడ్డాడు. బల్ల మీద నా ల్యాప్‌టాప్ బోర్లించి ఉంది. దాని బ్యాటరీ ఉబ్బి, అడుగు మూత పైకి లేచిపోయింది. ఇక అది బాగుపడదని తేలితే, మామిడి కొత్తలోగా మరొకటి చూసి కొనాలని అంతకుముందు రోజే ఇద్దరం అనుకున్నాం.

మామిడి కొత్త గురించి తెలియని పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఈ కొండల మీది ఊళ్ళలో ఏ పంటకైనా కొత్త పండుగ జరిగే దాకా ఆ ఏటి పంటను నోట పెట్టరు. మామిడికాయలు చెట్టు నిండా కాసినా, రాలి కిందపడినా, పండుగ కాకుండా ఎవరూ తినరు. ఆ పండుగకు ఒక పాట ఉంది. దాన్నీ అంతే, కొత్త జరగకుండా పాడరు. ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా ఎరిగిన మనిషి, నాకు తెలిసినంతలో, ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. లోయకు పైనున్న ఊళ్ళో ఉండే పాటల అవ్వ. ఎనభై దాటిన మనిషి. నా క్యాసెట్లలో ఉన్నది సగం పాటే. ఈ ఏడు పండుగనాడు మొత్తం పాడతానని ఆమె మాట ఇచ్చింది. "వొచ్చే యేటికి నా గొంతు నాతో ఉంటాదో, ముందే కొండెక్కీసి పోతాదో" అని కూడా అంది. అందుకే ఈ ఏడు కంప్యూటర్ లేకుండా గడవదు.

నేను ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగిరాని పిల్లలను వెతుక్కుంటూ ఊరూరా నడిచేదాన్ని. పిల్ల పొలం నుంచి వచ్చే దాకా అరుగు మీద కూర్చోబెట్టేవారు. అమ్మమ్మలు పనిచేసుకుంటూ పాడేవారు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కనుక, ఒక టేప్ రికార్డర్ కొనుక్కుని వెంట తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. రిటైరయ్యేసరికి రెండు ట్రంకు పెట్టెల క్యాసెట్లు పోగయ్యాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అమ్మమ్మ గొంతుకు మనవరాళ్ళ వంత కలిపి, తుడుం డోలు, మోరి సన్నాయి చేర్చి, ఇప్పటి పిల్లలు ఫోన్లలో వినేటట్టు తయారుచేయాలన్నది నా ఆలోచన.

మొదటి కంప్యూటర్ నేనే కొన్నాను. ఎవరినీ అడగలేదు. లెక్కల టీచర్ని, పెట్టె మీద రాసిన అంకెలు చదవగలను, పెద్ద అంకె ఉన్నది మంచిదని అనుకున్నాను. ఆటలు ఆడుకునేవారి కోసం చేసిన పెద్ద డెస్క్‌టాప్ అది. లోపల ఎర్రదీపాలు, నీలిదీపాలు వెలిగేవి. పిల్లలు కిటికీలోంచి చూసి, టీచరమ్మ ఇంట్లో తీర్థం, అంటే జాతర, జరుగుతోందని నవ్వుకునేవారు. రికార్డు చేసిన మొదటి పాటలో పాడిన మనిషి కన్నా ముందు ఫ్యాన్ల హోరు వినిపించింది. రెండో పాట సగంలో కరెంటు పోయింది. పాటా పోయింది. పాడిన ఆవిడ "ఎక్కడికెళ్ళిపోనాదమ్మా?" అని అడిగింది.

అప్పుడు వెళ్ళాను మెకానిక్ గారి దగ్గరకు. ఆయన కొట్టు వెడల్పు రెండు కుర్చీలు పట్టేంత. ఎప్పుడూ ఎడమ పక్క గోడకు ఆనుకుని, ఒక పక్కకు తిరిగి కూర్చునేవారు. మనం మాట్లాడుతుంటే మన ముఖం చూడరు. మొదటిసారి అది నాకు అమర్యాదగా తోచింది. మా ఇంటికి వచ్చి, కంప్యూటర్‌ను ఆన్ చేయమని, మోకాళ్ళ మీద కూర్చుని దాని పక్కకు చెవి ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఎందుకు కొన్నారని గానీ, ఎంత పెట్టారని గానీ అడగలేదు. లేచి, మోకాళ్ళు దులుపుకుని ఒక్క మాట అన్నారు.

"ఇది గాయకురాలు టీచరమ్మా. పక్కన ఇంకొకలు పాడితే ఒప్పుకోదు."

నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దాన్ని అమ్మి, ఆయన వెంట విశాఖపట్నం వెళ్ళాను. పాత కంప్యూటర్లు అమ్మే వరుసలో ఆయన ఒక్క కొట్టునూ వదలలేదు. ఆయన కోరింది ఆఫీసుల్లో నాలుగైదేళ్ళు వాడి తీసేసిన నల్లటి ల్యాప్‌టాప్. "కొత్తదాని ముకం మీద మెరుపుకి డబ్బులెందుకు తగలెయ్యాల? ముకాన్ని ఎవులూ ఇనరు. ఆ డబ్బు మైకు మీద పెట్టండి, మైకుకీ దీనికీ మద్దినుండే పెట్టి మీద పెట్టండి" అన్నారు. మా కొండల్లో కరెంటు నమ్మరానిది కనుక బ్యాటరీ ఉన్నదే కావాలన్నారు. పది గొంతులు పది పొరలుగా పేర్చితే మెమరీ చాలదు కనుక, తరువాత మెమరీ పెంచడానికి లోపల ఖాళీ ఉన్నదే చూడాలన్నారు. ఇవన్నీ నేను పుస్తకంలో రాసుకున్నాను. కానీ చివరి పరీక్ష పుస్తకంలో రాసుకునేది కాదు.

జేబులోంచి ఒక పెన్ డ్రైవ్ తీశారు. దానిలో చాలా పొరలతో తానే పేర్చిన పాట ఒకటి ఉంది. కొండెక్కే ఘాట్ రోడ్డును తలచుకుని దానికి ఆయన పెట్టిన పేరు ఘాటీ. కొట్టువాడు ల్యాప్‌టాప్ తెరిచి, చూడండి ఎంత చల్లగా, ఎంత నెమ్మదిగా ఉందో అంటే, ఆయన తల అడ్డంగా తిప్పారు.

"కూకున్నప్పుడు ఎవుడూ రొప్పడు బాబూ. ఘాటీ ఎక్కించి సూడాల."

ఘాటీ పాట పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి, బల్ల మీదకు వంగి ల్యాప్‌టాప్‌కు కుడి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్క దానికీ పావుగంట. కొట్టు కుర్రాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. "డాక్టరు గారూ, జొరమెంతుంది?" అని ఒకడు అడిగాడు. ఆయన కళ్ళు తెరవకుండానే, "మీ కొట్టుకా, దీనికా?" అన్నారు.

పాఠకులకు ఒక సంగతి దాచకూడదు. ఆ సమయంలో నేను కొట్టు బయటికి వెళ్ళి, ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం అద్దంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ మనిషితో నాకు సంబంధం లేనట్టు. చదువుకున్నదాన్ని, నలుగురు గౌరవించే టీచర్ని, బల్ల మీద చెవి పెట్టి పడుకున్న మనిషి పక్కన నిలబడలేకపోయాను. ఆయన చూశారో లేదో తెలియదు. నాలుగో కొట్టులో దొరికిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి నాకు అందిస్తూ, "ఇది నోరు మూసుకుంటాదమ్మా" అని మాత్రం అన్నారు.

ఆ ల్యాప్‌టాప్‌తో మేం నాలుగేళ్ళు పనిచేశాం. లోపల తిరిగే డిస్క్ తీసేసి, చప్పుడు లేని కొత్త రకం డిస్క్ వేశారు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేదే. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కొక్క పొరా వినేవారు. అరగంటకోసారి హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చి అడిగేవారు: "ఎడం పక్క ఎలాగుంది టీచరమ్మా?"

ప్రతిసారీ ఎడమ పక్కే. తుడుం ఎక్కువైందా, మోరి అందుతోందా, పిల్లల గొంతులు అక్కడే నిలబడుతున్నాయా. మొదట్లో నాకేమీ తెలిసేది కాదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయన నేను చెప్పినట్టే మార్చేవారు. అది తప్పని మర్నాడు విన్నప్పుడు నాకే తెలిసేది. అలా కొన్నాళ్ళకు నిజంగా వినడం నేర్చుకున్నాను. ఇది ఆయన నాకు పెడుతున్న పరీక్ష అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టిన నాకు ఇప్పుడు ఒక రేడియో మెకానిక్ పరీక్ష పెడుతున్నాడని మనసులో కొంచెం గుచ్చుకునేది కూడా.

ఆయన ఎప్పుడూ తప్పు చేయలేదని చెప్పను. మూడేళ్ళ కిందట, మామిళ్ళు ఇంకా పూత మీద ఉన్న రోజుల్లో, శుక్రవారం సంతకు దిగిన పాటల అవ్వ మా ఇంటికి వస్తానంది. ఆమె వచ్చేలోగా పాత క్యాసెట్ ఒకటి ఎక్కించి చూద్దామని ఆయన చేతికి అందింది పెట్టారు. అది మామిడి కొత్త పాట. పాడిన మనిషి అవ్వకు అక్క, ఎప్పుడో పోయింది. గేటు దగ్గర అవ్వ ఆగిపోవడం నేను కిటికీలోంచి చూశాను. దింపిన బుట్టను మళ్ళీ నెత్తికెత్తుకుంది.

మెకానిక్ గారు పరుగున వెళ్ళారు. "అది మిసను పాడతాందవ్వా, మనిసి కాదు" అన్నారు.

"మిసనుకి నోరెవులిచ్చినార్రా? నోరు మా అక్కది. కొత్త అవకుండా మా అక్క ఏనాడైనా పాడినాదేటి? సచ్చిపోనాక దాని సేత తప్పు సేయించినావు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఆ ఊరి వాళ్ళెవరూ మా ఇంటి గడప తొక్కలేదు. ఊరి పెద్దల ముందు తప్పు కట్టాలన్నారు. అంటే ఒక కోడిని, కొంత బియ్యాన్ని తీసుకువెళ్ళి, అందరి ముందు కూర్చుని, చేసింది తప్పని నోటితో చెప్పాలి. కంప్యూటర్ నాది కనుక నేను వెళతానన్నాను.

"బొత్తాం నొక్కింది నా ఏలు కదమ్మా" అన్నారాయన. కోడిని చంకన పెట్టుకుని ఒక్కరే కొండెక్కారు.

తిరిగివచ్చాక ఆయన చేసిన మొదటి పని, కంప్యూటర్‌లోని పాటలన్నిటినీ కొత్తగా సర్దడం. అప్పటిదాకా నేను వాటిని అక్షరక్రమంలో పెట్టాను. ఆయన పండుగల క్రమంలో పెట్టారు. ఏ పండుగ అయ్యాక ఏ పాట తెరవవచ్చో, ఒక్కొక్క ఫోల్డర్ పేరులోనే రాశారు. ఆ పండుగ రాకముందు దాన్ని నేను కూడా తెరవకూడదు. లెక్కల టీచర్‌గా నాకు ఆ క్రమం మొదట చికాకు కలిగించింది. ఇప్పుడు వేరే క్రమం ఊహించలేను. మరుసటి ఏడు అవ్వ వచ్చి, గడప బయటే నిలబడి, అరవై దాటిన మనిషిని పట్టుకుని కేకేసింది: "ఓరి రేడియో గుంటడా, ఏ నెల్లో ఉన్నావో సూసుకునే నొక్కినావా?" ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించారు. అవ్వ నవ్వి లోపలికి వచ్చింది.

ఆయన పెద్దకర్మ అయిన రెండు రోజులకు స్టూడియో యజమాని వచ్చాడు. మర్యాదస్తుడే. గంటసేపు కూర్చున్నాడు. అతని కారు గంటసేపు మా గేటు ముందు ఉండడమే ఈ వదంతికి పుట్టుక. క్యాసెట్లు ఇస్తే పెద్ద యంత్రాల మీద శుభ్రం చేయిస్తానన్నాడు, తాళం మార్చి, వేగం పెంచి విడుదల చేస్తానన్నాడు. ఏ నెలలో అని అడిగాను. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "నెలదేముంది మేడమ్, పాట ఎప్పుడైనా పాటే" అన్నాడు. తరువాత మెల్లగా, "ఆయన కూడా లేరు కదా, ఇక మీరొక్కరే ఏం చేస్తారు?" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. అతన్ని పంపించడానికి అన్న మాట కాదది. నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది. యంత్రం పని నాకు కొంత వచ్చు. కానీ యంత్రాన్ని ఎంచింది ఎప్పుడూ ఆయనే. నేను ఒంటరిగా ఎంచినది ఒక్కటే, అది ఎర్రదీపాల తీర్థం.

మర్నాడు మెకానిక్ గారి భార్య వచ్చింది. కొట్టు ఖాళీ చేస్తున్నారట. సొరుగులో దొరికిందని ఘాటీ పెన్ డ్రైవ్ ఇచ్చింది. కాఫీ ఇచ్చి, ఆయన హెడ్‌ఫోన్ నా దగ్గరే ఉండిపోయిందని చెప్పి తిరిగి ఇవ్వబోయాను.

"ఉంచండమ్మా. ఆయనకది సగమే కదా పనికొచ్చింది."

నాకు అర్థం కాలేదన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది.

"మీకు తెలీదేటి? ఎడం సెవి సిన్నప్పుడే పోనాదాయనకి. పిడుగు పడితే పోనాది. ఎవులికీ సెప్పొద్దనేవోరు. రేడియో బాగుసేసీవోడికి సెవిటంటే ఎవులొస్తారని. మీకు సెప్పీసినాననే అన్నారు మరి. టీచరమ్మ నా ఎడం సెవి, ఏటి తప్పున్నా పట్టీసుద్దని మా ఇంట్లో పదిసార్లు అన్నారు."

ఆమె వెళ్ళిన తరువాత చాలాసేపు ఆ హెడ్‌ఫోన్ బల్ల మీదే ఉంది. గోడకు ఎడమ పక్క ఆనించి కూర్చోవడం గుర్తొచ్చింది. ముఖం చూడకుండా ఒక పక్కకు తిరిగి మాట వినడం గుర్తొచ్చింది. నాలుగేళ్ళపాటు ఆయన అడిగింది పరీక్ష ప్రశ్న కాదు. నిజంగా తెలియక అడిగారు. నేను తోచిందేదో చెప్పిన రోజుల్లో కూడా నమ్మి, అలాగే మార్చారు. మేం చేసిన ప్రతి పాటలోనూ ఎడమ సగం ఆయన ఎన్నడూ విననిది.

కిందటి సోమవారం పొద్దుటి బస్సులో నేను విశాఖపట్నం వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఆ వరుసలోనే, ఆ నాలుగో కొట్టులోనే అడిగాను. కుర్రాడు కుర్చీ వేసి, "మనవడికా మామ్మగారూ?" అన్నాడు. నాకే అన్నాను. దీపాలున్నది ఒకటి తెచ్చాడు. దాన్ని తిరిగి తీసుకువెళ్ళమని, ఆఫీసుల్లో వాడి తీసేసిన నల్లవి, మెమరీ పెంచడానికి చోటున్నవి చూపించమన్నాను. రెండు తెచ్చాడు. మొదటిదానికి ఘాటీ పెట్టాను. శబ్దం పూర్తిగా తగ్గించాను. కొట్టులో అయిదారుగురు ఉన్నారు. కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టుకుని, బల్ల మీదకు వంగి, కుడి చెవి ఆనించాను. బాగానే ఉందనిపించింది. అప్పుడు ఎడమ చెవి ఆనించాను. సన్నగా, ఎక్కడో దూరాన ఈల వేసినట్టు ఒక చప్పుడు. పక్కకు నెట్టేశాను.

వెనక ఎవరో నవ్వారు. "ఏటి మామ్మా, లోపల ఎవులైనా ఉన్నారేటి?" అన్నాడు కుర్రాడు.

"ఉండకూడదనే చూస్తున్నాను" అన్నాను.

రెండోది ఘాటీ ఎక్కుతుండగా పావుగంట గడిచింది. కుడి చెవి, తరువాత ఎడమ చెవి, మళ్ళీ ఎడమ చెవి. బల్ల చెక్క చల్లదనం, నా చెవిపోగు నొక్కుకోవడం తప్ప ఇంకేమీ తెలియలేదు. తల ఎత్తేసరికి కొప్పు ముడి వీడిపోయి ఉంది. అందరూ చూస్తుండగానే మళ్ళీ ముడి వేసుకుని, దాన్నే కట్టించుకున్నాను.

క్యాసెట్లు ఇవ్వడం లేదని స్టూడియో యజమానికి ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. ల్యాప్‌టాప్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పాటలన్నీ మెకానిక్ గారు పెట్టిన క్రమంలోనే ఎక్కించాను. అవ్వ మొత్తం పాడబోయే మామిడి కొత్త పాట కోసం ఒక ఫోల్డర్ ఖాళీగా ఉంది. కొండ మీద మామిళ్ళు పిందె కట్టాయి. కొత్తనాడు మైకు, హెడ్‌ఫోన్, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని అవ్వ ఊరికి నేనొక్కదాన్నే ఎక్కుతాను.